కారు పేర్లకు అర్థం చెప్పిన యేసేపు

ఆదోనిలో పత్తి మిల్లు నడిపే కాశప్ప సావుకారు ఏ వస్తువు కొన్నా ముందు పేరు అడిగేవాడు, ఆ తర్వాతే ధర అడిగేవాడు. ఒకసారి సంతలో ఎద్దుల జత నచ్చింది. పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, బయానా ఇవ్వబోయాడు. తీరా అందులో ఒకదాని పేరు బికారి అని తెలిసి, జతను అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. పేరు గడప దాటితే దాని అర్థం కూడా వెంట వస్తుందని ఆయన నమ్మకం.

అలాంటి మనిషి దగ్గర పద్దెనిమిదేళ్ళుగా కారు తోలుతున్నవాడు యేసేపు. యేసేపు తండ్రి కన్యాస్త్రీల మఠంలో తోటకు నీళ్ళు తోడేవాడు. వాళ్ళ దయతో కొడుక్కి మఠం బడిలో అయిదో తరగతి దాకా చోటు దొరికింది. మిల్లు గుమాస్తాకు టెలిగ్రాములు రాసేంత ఇంగ్లీషు వస్తే, యేసేపుకు అర్థం విప్పి చెప్పేంత వచ్చు. అందుకే ఏటా దీపావళి ముందర మద్రాసు కార్ల కంపెనీ నుంచి కొత్త కార్ల బొమ్మలతో నున్నటి కాగితాలు వస్తే, అవి నేరుగా యేసేపు చేతికే చేరేవి.

ఆ రోజు మిల్లు పంచలో చిన్న తిరనాళ్ళే. బండ్లవాళ్ళు పత్తి బోరెలు దించడం ఆపేసి మూగేవారు. యేసేపు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని, కాగితం ఎత్తి పట్టేవాడు.

"ఇది కమాండర్. అంటే దండనాయకుడు. దొరల సీమలో ఈ కారు హారను కొడితే మిగతా కార్లు పక్కకు జరిగి సలాము చేస్తాయంట."

"మన కారు హారను కొడితే గాడిదలు గూడా జరగవు కదన్నా" అని బండి తిక్కయ్య అనేవాడు.

"జరగవప్పా. నువ్వు జరుగుతాండావా ఏమి?"

అందరూ నవ్వేవారు. సావుకారు మాత్రం నవ్వేవాడు కాదు. "మంచి పేరేనా యేసేపూ? చెప్పు" అని అడిగేవాడు.

పందొమ్మిది వందల యాభై నాలుగు దాకా యేసేపు ఉన్నదే చెప్పాడు. ఆ ఏడు అతని ఎడమ కంటికి పొర కమ్మింది. మొదట దీపం చుట్టూ మసక కనిపించింది. తర్వాత ఎడమ పక్క నడిచేవాళ్ళు నీడలయ్యారు. పాత కారును అతను కళ్ళతో కాక చేతులతో తోలగలడు. దాని గేరు ఎక్కడ మొరాయిస్తుందో, బ్రేకు ఎంత తొక్కితే పడుతుందో అరచేతికీ అరికాలికీ తెలుసు. కొత్త కారు వస్తే కొత్తగా నేర్చుకోవాలి. నేర్చుకునేటప్పుడు పక్కన కంపెనీ మనిషి కూర్చుంటాడు. అతను ఒక్క రోజులో కనిపెడతాడు. పని పోతుంది. పని పోతే ఇల్లు ఎలా గడుస్తుంది? వేరే పని నేర్చే వయసూ కాదు.

అందుకని ఆ ఏటి నుంచి పేర్లకు వంకర అర్థాలు మొదలయ్యాయి.

కమాండర్ గురించి మళ్ళీ అడిగితే, "దండు దిగిన చోట పంట మిగలదప్పా" అన్నాడు. కింగ్స్‌వే వచ్చింది. "రాజు పోయే దారి. రాజులంతా పోయినారు గదా, ఆ దారిలో మనమెందుకు?" ల్యాండ్‌మాస్టర్ వచ్చింది. "భూమికి యజమాని అని. సర్కారువాళ్ళు భూముల లెక్కలు తీస్తామంటాండారు. ఈ పేరు బండి మీద రాసుకుని తాలూకా కచేరీ ముందర నిలబెడతారా?" సావుకారు ఉలిక్కిపడి కాగితాన్ని మడిచేశాడు.

యాభై ఏడులో అంబాసిడర్ బొమ్మ వచ్చింది. గుండ్రటి నొసలు, నిండు ఒళ్ళు. కాశప్ప దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది చెప్పు."

"రాయబారి అని అర్థమప్పా. తనకంటూ మాట లేనివాడు. తగవు తీరితే పేరు రాజుది, చెడితే తప్పు రాయబారిది."

సావుకారు నిట్టూర్చాడు. "నువ్వు లేకుంటే ఎన్ని చెడ్డ పేర్లు ఇంటికి తెచ్చుకుందునో" అన్నాడు. ఆ మాట యేసేపుకు ముల్లులా దిగింది. ఆ రాత్రి ఇంట్లో భార్య ఏసమ్మ వడ్డించిన సంగటి అతని పళ్ళెంలో అట్లాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళు దాస్తావు?" అంది ఆమె. "నిన్న నీళ్ళ చెంబు ఎడమ పక్క పెడితే తన్నేస్తివి."

"ఇంగొక్క ఏడు."

"ఆ మాట పోయినేడూ అంటివి."

ఆ తర్వాతి మాఘంలో సావుకారు కోడలిని, మూడు నెలల మనవడిని ఎమ్మిగనూరు పుట్టింటి నుంచి తీసుకురావాల్సి వచ్చింది. ఇంట్లో ఉయ్యాల తొట్టెలు కట్టి మనవడికి పేరు పెట్టాలి. తిరుగు దారిలో సావుకారు ముందు కూర్చున్నాడు. వెనక ఆయన భార్య పార్వతమ్మ ఒళ్ళో పిల్లవాడు, పక్కన కోడలు. మధ్యాహ్నపు ఎండ రోడ్డు మీద తెల్లగా పరుచుకుంది.

"యేసేపూ, వీడికి పేరు నువ్వే చెప్పాల" అన్నాడు కాశప్ప. "జాతకం చూసి అయ్యవారు అక్షరం చెప్తాడు. అర్థం నీకు తెలిసినట్టు ఎవరికీ తెలవదు."

యేసేపు జవాబు వెతుక్కుంటున్నాడు. "ఆపు! ఆపప్పా!" అని సావుకారు అరిచాడు. బ్రేకు మీద కాలు పడేలోపు ఎడమ పక్క ఏదో ఫెళ్ళుమంది. కారు ఆగింది. పత్తికట్టె మోపు ఒకటి చిందరవందరగా రోడ్డు మీద పడింది. దాని మధ్య ఒక ముసలామె చతికిలబడి ఉంది. ఆమె ఉచ్చీరమ్మ, ఆ పక్క చేలలో కూలికి పోయే మనిషి. మడ్‌గార్డు మోపునే తాకింది, మనిషిని తాకలేదు. జానెడు తేడా.

ఆమె లేచి చీర దులుపుకుంది. "కండ్లు ఇంటికాడ ఉట్టి మీద పెట్టి వచ్చినావా నాయనా? ఇంత మోపు కానరాలేదా? నేను సన్నంగా ఉండానంటే సరే, కట్టె మోపు గూడా సన్నంగా ఉండాదా?"

యేసేపు దిగి, ఒక్కొక్క కట్టె ఏరి మోపు కట్టి, ఆమె తలకెత్తాడు. వెనక సీట్లో పిల్లవాడు లేచి ఏడుస్తున్నాడు. మిగతా దారంతా ఎద్దుల బండి నడకలో తోలాడు.

మర్నాడు తెల్లారగానే మిల్లు పంచలోకి పోయి కారు తాళం సావుకారు ముందర పెట్టాడు.

"నాకు ఎడమ కన్ను కానరాదప్పా. నాలుగేండ్లయింది."

కాశప్ప తాళం వైపు చూశాడు. "మరి రాయబారి అంటే?"

"గౌరవమైన పేరే. కమాండరూ మంచి పేరే. అన్నీ మంచి పేర్లే. మీరు కొత్త కారు కొంటే నా కన్ను బయటపడతాదని వంకర జెప్పినాను."

సావుకారు తాళం చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నా నమ్మకాన్నే స్టీరింగు చేసుకుని నన్ను తోలినావు గదప్పా. నా మనవణ్ణి గూడా ఎక్కించుకొని తోలినావు."

యేసేపు తల ఎత్తలేదు. "పో" అన్నాడు సావుకారు.

ఎమ్మిగనూరు మాదన్న డ్రైవరుగా వచ్చాడు. అంబాసిడర్‌కు డబ్బు కట్టారని ఊళ్ళో చెప్పుకున్నారు. యేసేపు తొమ్మిది రోజులు ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఏసమ్మ కూలికి పోయి వచ్చేది. పదోరోజు మిల్లు గుమాస్తా వచ్చి, తొట్టెల పండగకు రమ్మన్నారని చెప్పిపోయాడు.

యేసేపు ఉతికిన చొక్కా వేసుకుని సావుకారు ఇంటికి పోయి, పంచలో చివర నిలబడ్డాడు. కాశప్ప అతన్ని చూసి, అందరూ వినేట్టు అన్నాడు. "అయ్యవారు ‘వ’ అక్షరం చెప్పినాడు. నువ్వు పేరు చెప్పు. ఈసారి సరిగ్గా చెప్పు."

పంచ అంతా చెవులు రిక్కించింది. యేసేపు నోటి దాకా ఎన్నో పేర్లు వచ్చాయి. ఒక్కొక్కదానికీ ఎంత గొప్ప అర్థం అల్లవచ్చో అతనికి తెలుసు. అందుకే ఏదీ నోటి నుంచి రాలేదు.

"మీ నాయన పేరు పెట్టుకోండప్పా. వీరప్ప."

"దాని అర్థమేంది?"

"నాకు తెలీదు" అన్నాడు యేసేపు. "ఆయన్ను చూసినవాళ్ళు మీరు. మీరే చెప్పాల."

కాశప్ప తొట్టెల మీదికి వంగి, పిల్లవాడి చెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పాడు. పార్వతమ్మ అందరికీ పంచిపెట్టే బెల్లం యేసేపు దోసిట్లో కూడా పెట్టింది. అతని పని గురించి ఆ రోజు ఎవరూ మాట ఎత్తలేదు. అతనూ అడగలేదు. బెల్లం తుండుగుడ్డలో కట్టుకుని, గోడను ఎడమ చేత్తో తడుముకుంటూ, ఎవరు చూస్తారోనన్న బెరుకు లేకుండా ఇంటిదారి పట్టాడు.