చిన్నల్లుడు తెచ్చిన ఎర్ర వైను

మా వైపు వైన్స్ అని బోర్డు పెట్టిన దుకాణంలో వైను తప్ప అన్నీ దొరుకుతాయి. అందుకే మొన్న ముత్తంగి చౌరస్తాలో కొత్తగా తెరిచిన అద్దాల దుకాణంలో ఫ్రాన్సు ఎర్ర వైను సీసాలు వరుసగా కనిపిస్తే ఆగిపోయాను. ఒకదాని మీద మెర్లో, కాబర్నే అని రెండు ద్రాక్షల పేర్లున్నాయి. చదవగానే పాత అలక గుర్తొచ్చింది. ఆ పేర్లు నేను మొదట విన్నది మా తోడల్లుడి నోట.

మా మామది జిన్నారం వైపు ఊరు. ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు వేసిన రైతు. నేను అల్లుడినయ్యేనాటికే తోట పోయి, ఆ భూమిలో మందుల ఫ్యాక్టరీ లేచింది. పెద్దల్లుడిగా నా మర్యాదకు లోటు లేదు. మాంసం కూరలో నల్లి బొక్క నాకే, మామ పక్కన పీట నాకే. పదేళ్లు అలా ఏలుకున్నాక మరదలికి పెళ్లయింది. ఆమె భర్తకు పటాన్‌చెరు కంపెనీలో ఉద్యోగం. సరుకు కొనడానికి ఫ్రాన్సు నుంచి వచ్చేవాళ్లను చూసుకోవడం అతని పని. మనిషి మంచివాడు. నా బాధంతా అదే, తిట్టుకోవడానికి కూడా వీల్లేదు.

ఒక దసరాకి వాళ్లిచ్చిన సీసా పట్టుకొచ్చాడు. అత్త దాన్ని స్టీలు గ్లాసుల్లో పోసి ఐసు ముక్కలు వేసింది. మామ ఒక గుక్క తాగి, "గింత వగరుందేంది?" అన్నాడు. ఇక తోడల్లుడు అందుకున్నాడు. ఆ వగరు కాబర్నే తొక్కలోదట. పండు చిన్నది, తొక్క మందం, అదొక్కటే అయితే నోరు పట్టేస్తుందట. మెత్తదనం మెర్లోది. వాసనకు కాబర్నే ఫ్రాంక్ అనే ఇంకో ద్రాక్ష, రంగుకు పెటీ వెర్డో అనేది చిటికెడు. ఫ్రాన్సు దక్షిణాన వేరే జత, గ్రెనాష్ ద్రాక్ష కమ్మదనం ఇస్తే సిరా అనే ద్రాక్ష మిరియాల ఘాటు ఇస్తుందట. నాకైతే అత్త మసాలా నూరుతున్నట్టే వినిపించింది. మామ మాత్రం పీట అతని వైపు జరుపుకున్నాడు.

"మరి ఒక్క రకమే పెట్టుకుంటే తక్లీఫ్ ఏంది?" అని అడిగాడు.

"మెర్లో ముందుగాల పండుతది మామా, కాబర్నే ఎనక. వాన ఒకదాన్ని కొట్టినా ఇంకోటి దక్కుతది."

మామ కూరలోంచి నల్లి బొక్క తీసి అతని పళ్లెంలో వేశాడు. నేను చెయ్యి కడుక్కుని లేచిపోయాను. అల్లుడు అలిగితే ఇల్లంతా కదిలిరావాలి. వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుని, మామ అడుగుల చప్పుడు కోసం ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. చివరికి నిజంగానే నిద్రపట్టింది.

సరిగ్గా అప్పుడే మామ అతనికి తన తోట సంగతి చెప్పాడట, ఇంట్లో ఎవరికీ ఎన్నడూ చెప్పనిది. పందిరంతా ఒక్క అనాబెషాహి రకమేనట, కోతకు ముందు వాన పడి గుత్తుల్లో పండ్లన్నీ పగిలాయట. మా ఆవిడకు తెలిసింది ఇంతే, అదీ మరదలు చెబితే. మిగతాదంతా, మామ కళ్లనీళ్లు పెట్టుకున్నాడో లేదో కూడా, తెలిసినవాడు అతనొక్కడే.

మామ పోయి చాలా కాలమైంది. అడిగితే తోడల్లుడు చెబుతాడు, దాచుకునే మనిషి కాదు. కానీ నా మామ కథ అతని దగ్గర అడుక్కోవాలా అని ఇన్నేళ్లూ బిగుసుకుని కూర్చున్నాను. అతనికి మొన్ననే అరవై నిండాయి. నాకన్నా చిన్నవాడే, కానీ పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే వరసలోనే మనుషుల్ని తీసుకుపోవాలని కాలానికి తెలియదు.