దిగే మనిషి

ఆ వీధిలో ఆవిడని "దిగే ఆవిడ" అనేవాళ్లు. ముఖాన కాదు, వెనకాల. ఆ పేరు రావడానికి కారణం ఆవిడ భర్త. లేత్ మిషన్ మీద పనిచేసే మేస్త్రి, ఊళ్లో ఇన్ని బండ్లుండగా పోయి పోయి ఆ కారు కొనుక్కొచ్చాడు.

రేసుకి సిద్ధంగా ఉన్నట్టు ముందుకు వంగి, నేలకి ఆనుకుని ఉండే కారు. దాని కడుపుకీ రోడ్డుకీ మధ్య జానెడు సందుంటే గొప్ప. సీట్లు మనిషిని ఒడిలో అదిమి పట్టుకుంటాయి. "కూర్చోడానికి ఒకళ్లం చాలు, లేవడానికి ముగ్గురు కావాలి. ఇది బండి కాదురా, పాకే పిల్ల" అనేది అత్తగారు. మేస్త్రి నవ్వేసి, అద్దం తుడిచిన గుడ్డతోనే తన ముఖమూ తుడుచుకునేవాడు. అది పెట్రోలుని మంచినీళ్లలా తాగినా సరే, దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేవాడు కాదు.

చిక్కల్లా స్పీడ్ బ్రేకర్లతోనే. ఎత్తుగా ఉన్నది ఎదురైతే కారు ఆగేది, ఆవిడ దిగేది. ఒక మనిషి బరువు తగ్గితే బండి కాస్త పైకి లేస్తుంది. ఆవిడ పక్కనే వంగి, కింద సందు చూస్తూ నడిచేది. కారు ఐమూలగా, ఒక చక్రం తర్వాత ఒక చక్రంగా ఎక్కి దిగేది. కప్పు మీద ఒక్కసారి చరిస్తే ఆగమని, రెండుసార్లు చరిస్తే రమ్మని. ఇంటి నుంచి ఆసుపత్రి దాకా అలాంటివి అయిదున్నాయి. ఒకసారి ఆవిడ కునుకు తీస్తోందని లేపకుండా ఎక్కించేశాడు మేస్త్రి. కింద ఆయిల్ గిన్నె పగిలి, పూటంతా నడిరోడ్డు మీద పడి ఉన్నారు. ఆ తర్వాత ఆవిడ ఆ కార్లో కన్ను మూయలేదు.

మేస్త్రి పోయి పది నెలలైంది. పని చేస్తూ చేస్తూ మిషన్ పక్కనే కూలబడ్డాడు. అప్పటి నుంచి ఆవిడ కారెక్కలేదు. వారానికోసారి మరిది వచ్చి, ఇంజను కాసేపు ఆడించి ఆపేసి పోయేవాడు. ఆ చప్పుడు వినపడినంతసేపూ ఆవిడ వంటింట్లో కుళాయి విప్పి ఉంచేది.

ఆ మధ్యాహ్నం అత్తగారికి ఉన్నపళంగా ఆయాసం వచ్చింది. మంచం పట్టె పట్టుకుని కూర్చుంది, మాట రావట్లేదు, పెదవులు నల్లబడుతున్నాయి.

"అంబులెన్సుకి ముప్పావుగంట పడుతుందట" అన్నాడు మరిది ఫోను జేబులో పెడుతూ. సరుకుల వ్యాను తోలే మనిషి. ఆ వ్యానేమో ఆ రోజే షెడ్డులో ఉంది. "తాళాలియ్యి వదినా. నేల నాకే ఆ బండే తీస్తా."

వెనక సీట్లో అత్తగారిని నిటారుగా పట్టుకుని కూర్చుందావిడ. బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆమెని దిండుకి ఆనించి దిగడం, చరచడం, ఎక్కడం. పది నెలలైనా ఒళ్లు మరిచిపోలేదు.

"ఇలా పోతే నత్త కూడా మనల్ని చూసి నవ్వుతుంది" అని గొణిగాడు మరిది.

"నవ్వనీ. నువ్వు ఐమూలగా పోనీ."

అయిదూ దాటారు. మలుపు తిరిగితే ఆసుపత్రి రోడ్డు. ఇంక ఆగే పని లేదని మరిది వేగం పెంచాడు. అక్కడ, బడి గేటు ముందు, ఆవిడ లెక్కలో లేని ఆరోది కొత్త తారుతో నిగనిగలాడుతోంది. ఈ పది నెలల్లో ఎప్పుడో వేసినట్టున్నారు.

"ఆపు!" అంటూ లోపల్నుంచే కప్పు మీద ఒక్క చరుపు చరిచింది. అప్పటికే ముందు చక్రాలు ఎక్కేశాయి. కింద నుంచి గర్రుమని చప్పుడు. అత్తగారు మూలిగింది.

మరిది వెనక్కి తీశాడు. ఆవిడ దిగి, మోకాళ్ల మీద వంగి చేత్తో కొలిచింది. తను దిగినా, ఐమూలగా వచ్చినా రెండు వేళ్లు తక్కువే. అటు గోడ, ఇటు కాలవ. పెద్ద రోడ్డు తవ్వి పోశారు కాబట్టి చుట్టు తిరిగే దారీ లేదు. అర కిలోమీటరు దూరాన ఆసుపత్రి నీలం బోర్డు కనిపిస్తూనే ఉంది.

"అమ్మని భుజాన వేసుకుని పరిగెడతా."

"కూర్చుంటేనే ఊపిరందట్లేదు. భుజాన వేస్తే ఉన్నదీ పోతుంది."

"అయితే గీసుకుంటూ ఎక్కించేస్తా. పగిలితే పగిలింది!"

"పగిలితే ఇక్కడే పడి ఉంటాం. నేను పడి ఉన్నాను ఒక పూట."

ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తొంభై కిలోల మనిషి. తను అందులో సగం కూడా ఉండదు.

"నువ్వు దిగు."

"నేను దిగితే తోలేదెవరు?"

ఆవిడ అప్పటికే అతని వైపు తలుపు తెరిచి పట్టుకుంది. మేస్త్రి ఖాళీ మైదానంలో మూడు ఆదివారాలు నేర్పాడు. రెండో గేరు దగ్గర భయపడి మానేసిందావిడ.

"నీకు మొదటి గేరు తప్ప రాదు కదా వదినా!"

"దీనికి మొదటిదే కావాలి."

వెనక నుంచి, రెండు ఊపిరుల మధ్య అత్తగారి గొంతు వచ్చింది. "దిగరా... బస్తా."

మరిది దిగాడు. సీటు ముందుకి లాక్కుంటే గానీ ఆవిడ కాళ్లు అందలేదు. మొదటిసారి ఇంజను దగ్గి ఆగిపోయింది. అద్దంలో అత్తగారి తల పక్కకి వాలుతోంది. క్లచ్ తొక్కిన కాలి కింద కోడిగుడ్డుందనుకో అనేవాడు మేస్త్రి. గుడ్డు పగలకుండా కాలు ఎత్తింది. కారు కదిలింది.

ఒక చక్రం ఎక్కింది. రెండోది ఎక్కింది.

"సందుంది! సందుంది!" అని మరిది నేల మీద బోర్లా పడి అరుస్తున్నాడు. ఉన్నట్టుండి లేచి కప్పు మీద ఒక్క చరుపు చరిచాడు. ఆవిడ బ్రేకు తొక్కి, చేతి బ్రేకు లాగింది. నడిమధ్యలో వేలాడుతోంది కారు.

"ఎంత తక్కువ?"

"వేలెడు. కుడికి తిప్పు. ఇంకా. ఇంకా..."

రెండు చరుపులు పడ్డాయి. కింద తారు మీద ఏదో సర్రున రాసుకుంది గానీ పగల్లేదు. వెనక చక్రాలు ఒకటొకటిగా దిగాయి.

ఆవిడ ఆపలేదు. ఇంజను గొంతు చించుకుంటోంది, కారేమో సైకిలంత వేగంతో పోతోంది. పక్కన మరిది పరుగు.

"ఆపు వదినా, ఎక్కుతా!"

"ఆపితే మళ్లీ కదుల్తుందో లేదో! పరిగెత్తు!"

"రెండో గేరన్నా వెయ్యి!"

"రాదని నువ్వే అన్నావుగా!"

ఇంజను రంకెలు విని ఆసుపత్రి గేటు దగ్గర జనం పక్కకి తప్పుకున్నారు, ఏ రేసు కారో దూసుకొస్తోందని. తీరా వచ్చింది చూసి నోళ్లు తెరిచారు. నర్సులు అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తోసుకుపోయారు. గాలి గొట్టం పెట్టాక గంటకి గానీ ఆమె పెదవులకి రంగు రాలేదు. అప్పటిదాకా ఆవిడ పిడికిట్లో తాళాలు అలాగే ఉన్నాయి. తెరిచి చూస్తే అరచేతిలో పళ్లచక్రంలా గాటు.

నాలుగో రోజు ఇంటికి పంపించారు. అత్తగారు వెనక సీట్లో కూలబడుతూ, "పాకేది పాకుతూనే తెచ్చింది" అంది. మరిది తోలాడు. బడి ముందు ఆరోది రాగానే ఆవిడ అలవాటుగా తలుపు మీద చెయ్యి వేసింది.

"నువ్వు కాదు వదినా" అంటూ అతనే దిగి, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ముందుకొచ్చి సీటు లాక్కుంది. మరిది పక్కన వంగాడు. కప్పు మీద రెండు చరుపులు పడ్డాయి.

ఆవిడ కాలు మెల్లగా ఎత్తింది.