నాన్న అన్న ‘ఆఁ’

మా నాన్నను టర్మినేట్ చేస్తున్నట్టు ఫోను కంపెనీ నుంచి కాగితం వచ్చింది. అసలు సంగతేమిటంటే, ఏడాది గడువు తీరకముందే కనెక్షన్ వద్దన్నందుకు ‘ఎర్లీ టర్మినేషన్ ఛార్జి’ కింద మూడు వేలు కట్టమని. కానీ కార్ఖానా ఊళ్ళో బతికినవాళ్ళకు ఆ మాటకు ఒక్కటే అర్థం. నాన్న కళ్ళజోడు తీసి పట్టుకుని, “నన్ను తీసెయ్యడానికి ఈల్లెవులమ్మా? నాను రిటైరయిపోయి పదకొండేళ్ళయింది గదా!” అన్నారు.

నాలుగు నెలల కిందట నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఎవరో అమ్మాయి ఫోన్ చేసి ఆయనకు ఈ పోస్ట్‌పెయిడ్ ప్లాను అంటగట్టింది. అందులో లేనిది లేదు, సిగ్నలు తప్ప. కద్మా పేటలోని మా ఇంట్లో వంటగదిలో రాదు, హాల్లో రాదు, గేటు దాటి రోడ్డు మీద చెత్తకుండీ పక్కన నిలబడితే మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. నాన్న గొంతు ఎలాగూ పెద్దదే కనుక మా చుట్టాలందరి ఆరోగ్య విశేషాలూ వీధి వీధంతా తెలుసుకుంది. ముప్పై నాలుగేళ్ళు రోలింగ్ మిల్లు హోరులో పనిచేసిన మనిషి. మిల్లు ఆయనకు గ్రాట్యుటీ ఇచ్చింది, చెవులు తన దగ్గరే ఉంచుకుంది. ఆ మాట ఆయన ముందు ఎవరూ అనకూడదు. ఆయన చెవులకేం, భేషుగ్గా ఉన్నాయి, మేమే గొణుగుతున్నాం!

సిగ్నలు ఇవ్వనిది మీరు, జరిమానా మాకా అని ఫిర్యాదు చేశాను. కస్టమర్ కేర్ వాళ్ళ మర్యాద గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రతిసారీ నాకు కలిగిన అసౌకర్యానికి చింతించారు, ప్రతిసారీ లైను కట్ చేశారు. మూడో ఫిర్యాదుకు విసిగి, నేనిక నోరెత్తకుండా సాక్ష్యం పంపించారు. అది నాన్న ఒప్పుకున్నప్పటి కాల్ రికార్డింగు.

“అంకుల్‌జీ, బారహ్ మహీనే కా ప్లాన్ హై, మంజూర్ హై?” అంటోంది ఆ అమ్మాయి. పన్నెండు నెలల ప్లాను, ఒప్పుకుంటారా అని.

“ఆఁ?” అన్నారు నాన్న.

“బీచ్ మే బంద్ కియా తో ఛార్జ్ లగేగా. ఠీక్ హై?” మధ్యలో మానేస్తే ఛార్జి పడుతుంది, సరేనా అని.

“ఆఁ?”

“థాంక్యూ, అంకుల్‌జీ!”

మా ఇంట్లో ‘ఆఁ?’ అంటే ఏమన్నావు, మళ్ళీ చెప్పు అని. హిందీలో ‘హాఁ’ అంటే ఔనని. మా నాన్న ఈ ఊళ్ళో జీవితమంతా హిందీలోనే నెట్టుకొచ్చారు గానీ, మాట వినబడనప్పుడు మాత్రం తెలుగే వస్తుంది. ఆయన రెండుసార్లు వినబడలేదన్నారు, కంపెనీ రెండుసార్లూ మహాప్రసాదమనుకుంది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే రకం!

సాక్ష్యానికి సాక్ష్యం చూపిద్దామని నాన్నను వెంటబెట్టుకుని సాక్చి బజారులోని వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు ఆ రికార్డింగును స్పీకర్లో మూడుసార్లు వేశాడు. వరసలో ఉన్న పదిమందీ విన్నారు. నాన్న ఒక్కరికే వినబడలేదు, “ఏటంతన్నాడు?” అని నన్నడిగారు. ఆయనకు జవాబు చెప్పే తీరిక నాకెక్కడిది? కౌంటరు మీద చేత్తో కొడుతూ ‘ఆఁ’కీ ‘హాఁ’కీ తేడా మీద హిందీలో ఉపన్యాసం ఇస్తున్నాను. ఆ ఊపులోనే, “ఆయనకి చెవుడు, కనబడటం లేదా మీకు?” అని అరిచేశాను. పదిమందీ తిరిగి నాన్న వంక చూశారు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆయనకు వినబడదని ఒక దరఖాస్తు రాసి, ఆయన చేత సంతకం పెట్టించమన్నాడు, ఛార్జి తీసేస్తానన్నాడు. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని అక్కడే నిలబడి గబగబా హిందీలో రాసేశాను. నాకు చెవులు వినబడవు, అందువల్ల మీ షరతులు నాకు తెలియలేదు అని.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు.

“ఇలా రాత్తేగానీ ఒప్పుకోరేటి?”

“ఒక్క సంతకం నాన్నా. మూడు వేలు మిగుల్తాయి.”

ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. నేను చెప్పింది ఆయనకు అందలేదు. అదే మాట మళ్ళీ గట్టిగా, పదిమందికీ వినబడేలా అరిచి చెప్పాల్సి వచ్చింది. అప్పుడు సంతకం పెట్టారు. నాకు సిగ్గేసింది. అయినా ఆ కాగితం వెనక్కి తీసుకోలేదు. ఇంటికొస్తుంటే ఆటోలో, “నెగ్గినావు గదా?” అని అడిగారు. నెగ్గాననే చెప్పాను.

రెండు రోజులకు ఛార్జి మాఫీ అయినట్టు మెసేజ్ వచ్చింది. అంత పెద్ద కంపెనీని ఒక్క అక్షరంతో ఎలా మట్టి కరిపించానో ఆఫీసులో అభినయించి మరీ చెప్పాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఇంట్లో మాత్రం నాన్న ‘ఆఁ?’ అనడం మానేశారు. ఇప్పుడు ఎవరేం చెప్పినా తలూపుతున్నారు. నిన్న పొద్దున టీ కావాలా, కాఫీ కావాలా అని అడిగాను. నవ్వి, తలూపారు.