కళాయి పోయిన గంజు

ఆ రోజుల్లో నారాయణఖేడ్‌లోని మా వంటింట్లో సగం సామాను భూమిని తవ్వి తీసిందే. రాతి రోలు, రాగి బిందె, ఇనుప పెనం, గోడలకు సున్నం, గడపకు పూసే ఎర్రమట్టి జాజు. (పదో తరగతిలో ఖనిజాల పాఠం చదివాకే నాకీ సంగతి తెలిసింది. అంతకుముందు అవన్నీ నా చేత తోమించడానికో పూయించడానికో పుట్టాయనుకునేదాన్ని.) అన్నిటికన్నా పెద్దది ఇత్తడి గంజు, పదిహేను మందికి వండే పాత్ర. దాని లోపల కళాయి, అంటే తగరం పూత, ఉండేది. పులుపు ఇత్తడిని తాకకుండా కాపాడేది ఆ పల్చటి పూతేనని నాకెవరూ చెప్పలేదు. పాఠంలో ఉందేమో, నేను ఆ పేజీ దాకా పోలేదు.

అక్కను చూడడానికి కంగ్టి నుంచి వస్తున్నారు. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈ అబ్బాయిని అక్క అంగడిలో ఒకసారి చూసింది. "నాకు నచ్చిండే, ఎవ్వరికి చెప్పకు" అని నా చెవిలో చెప్పింది. ఇక నేను ఊరుకుంటానా? గంజు లోపల చూస్తే తెల్లటి మచ్చలు, మధ్యమధ్య పసుపు. పెండ్లివాళ్లు చూస్తే అక్క పరువేం కావాలి! చింతపండు, ఇటుక పొడి తీసుకుని పొద్దంతా గీకాను. సాయంత్రానికి లోపలా బయటా బంగారమే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ గంజును పొయ్యి మీద పెట్టింది. మధ్యాహ్నం చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చున్నారు. పెరట్లో తమలపాకు నములుతున్న నాయనమ్మతో నా ఘనకార్యం చెప్పుకున్నాను.

"లోపట గూడ గీకినవా?" అంది నాయనమ్మ.

"మస్తు మెరుస్తుంది!"

"నీ తెలివి మండ! కళాయి గీకి పారేస్తివి గదనే! దాంట్ల చారు కాస్తె చిలుము దిగుతది. తిన్నోళ్లు ఇగ దవాఖాన్లనే!"

గుమ్మం దగ్గరికి పరుగెత్తేసరికి అమ్మ కందిపప్పు చారు పోస్తూనే ఉంది. పిల్లవాడి తండ్రి రెండోసారి పోయించుకున్నాడు. మూడోసారీ చెయ్యి చాచాడు. ఆరుగురు చుట్టాలు. మా ఊరి దవాఖానలో ఆరు మంచాలు ఖాళీగా ఉంటాయా అని లెక్కపెట్టుకున్నాను. అక్క తలుపు చాటున సిగ్గుపడుతూ నిలబడింది. నోరు విప్పితే సంబంధం పోతుంది, విప్పకపోతే మనుషులే పోతారు. దేవుడా, ఏం చెయ్యను! అంతలో పిల్లవాడు దగ్గాడు.

"తినకుండ్రి!" అని అరిచాను. "గంజుకు కళాయి లేదు! నేనే గీకిన! చారుల విషముంది!"

అందరి చేతులూ విస్తళ్ల మీదే ఆగిపోయాయి. అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నేను భోరుమన్నాను.

"గంజుల అన్నం వండిన," అంది అమ్మ పళ్లు కొరుకుతూ. "చారు మట్టికుండల కాసిన. లోపట పచ్చగ మెరుస్తుంటె నాకు కండ్లు లేవనుకున్నవా?"

పిల్లవాడి తండ్రి నన్ను కిందికీ మీదికీ చూసి, అమ్మ వైపు చెయ్యి చాచాడు. "పొయ్యి చెల్లె, ఇంకింత పొయ్యి. మా పానం కోసం గింత ఏడ్సినోళ్లు మా ఇంట్ల గూడ లేరు." పిల్లవాడికి నవ్వాపుకోలేక మళ్లీ దగ్గు వచ్చింది. సంబంధం ఆ పూటే ఖాయమైంది.

ఆ గంజు అక్క వెంట కంగ్టికి పోయింది. కళాయి వేసేవాళ్లు ఊళ్లలోకి రావడం మానేసి చాలా ఏళ్లయింది, ఇండ్లన్నీ స్టీలుతో నిండాయి. మొన్న అక్క ఇంటికి పోయినప్పుడు గంజును అటక మీది నుంచి దింపి చూశాను. లోపల ఇటుక పొడి గీతలు అట్లాగే ఉన్నాయి.

"ఇన్నేండ్లు కళాయి వేయించనే లేదా అక్కా?" అని అడిగాను.

"బావ వద్దన్నడు," అంది అక్క. "నువ్వు ఏడ్సిన గంజు గద, గట్లనే ఉండనియ్యి అన్నడు."

ఆ గీతల మీద ఒకసారి చెయ్యి వేసి చూశాను. ఆ పదహారేళ్ల పిల్లను ఇప్పుడు తిట్టాలనిపించలేదు.