కత్తెర కోసిన ఆల్బమ్

ఆ పత్రికాఫీసులో అతణ్ణి అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ అతను కత్తెర. వారమంతా ప్రూఫులు దిద్దడం అతని ఉద్యోగం. ఆదివారం అనుబంధంలో కొత్త పాటల మీద అరపేజీ రాయడం అతని సరదా. ఆ కాలమ్ పేరే కత్తెర, అదే అతనికి అంటుకుపోయింది. ఒకసారి ఒక గాయని గొంతును నూనె లేని తలుపు బందుతో పోల్చాడు. ఆవిడ మూడు నెలలపాటు మైకు ముట్టుకోలేదని ఎవరో చెబితే, ఊరికి తాను చేసిన సేవ అదేనని నవ్వాడు. చాలామంది ఆదివారం పేపరును వెనక నుంచి తిప్పేది అతని కోసమే.

అతని భార్య బడిలో లెక్కలు చెబుతుంది. అప్పటికి ఆమెకు తొమ్మిదో నెల. అంతకు రెండేళ్ల ముందు ఒకసారి గర్భం నాలుగో నెలలోనే పోయింది. ఈసారి నిలబడింది. ఇద్దరూ ఆ మాట పైకి అనకుండా రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చారు. చిన్న గదిలోంచి అతని పుస్తకాల బీరువా హాల్లోకి జరిగింది, దాని చోటికి ఊయల తొట్టి వచ్చింది. గోడకు వేసిన లేత పసుపు రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

అలాంటప్పుడు బావమరిది వాళ్ల బ్యాండు కొత్త ఆల్బమ్ వచ్చింది.

బావమరిది లిఫ్టుల మెకానిక్. పొద్దంతా బహుళ అంతస్తుల భవనాల్లో గ్రీజు పూసుకుని, సాయంత్రాలు మూతపడ్డ టైర్ల గోదాంలో డ్రమ్స్ వాయిస్తాడు. నలుగురూ కలిసి ఎనిమిదేళ్లుగా హార్డ్ రాక్ అంటూ గోడలు అదరగొడుతున్నారు. మొదటి ఏడాది ఆ బ్యాండులో బేస్ గిటార్ పట్టుకున్నది మన కత్తెరే. ఒకరోజు రిహార్సల్‌కి వెళ్తే అతని చోట ఇంకొకడు నిలబడి ఉన్నాడు. నీకు ఉద్యోగం ఉంది కదా, శ్రమ ఎందుకు అంటూ అందరూ మర్యాదగా మాట్లాడారు. అతనూ మర్యాదగానే తలూపాడు. మరుసటి నెలలో కాలమ్ మొదలైంది.

బావమరిది ఆల్బమ్ తెచ్చి ఇచ్చి, చివరి పాట మాత్రం అక్కను పక్కన కూర్చోబెట్టుకుని వినమన్నాడు. ఎలా వినాలో కూడా వీళ్లే చెబుతారా అని అతనికి చిర్రెత్తింది. భార్య కూడా రెండుసార్లు అడిగింది, ఇద్దరం కలిసి విందామని. పని ఉంది, శుక్రవారానికి ఇవ్వాలి అంటూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

నాలుగుసార్లు విన్నాడు. రెండోసారి వింటున్నప్పుడు తన కాలు దానంతటది తాళం వేస్తుండటం చూసి ఆపేశాడు. ఆల్బమ్ బాగుంది. ఆ సంగతి అతనికి కడుపులో మంటలా తెలిసింది. గాయకుడి గొంతు పండింది, గిటార్ ఎక్కడ ఆగాలో నేర్చుకుంది, డ్రమ్స్ అయితే ఇల్లు కట్టినట్టున్నాయి. బేస్ వాయించినవాడు ఒక్కచోట కూడా తడబడలేదు.

డెస్కు ఇంచార్జి ఆ వారమే అన్నాడు, నీ కాలమ్‌లో ఈమధ్య కారం తగ్గింది, తండ్రివి కాబోతున్నావని మెత్తబడ్డావా అని. భార్య మటుకు ఒక్కమాటే అంది.

"పొగడమనట్లేదు. విన్నది విన్నట్టు రాయి, చాలు."

అతను రాయడానికి కూర్చున్నాడు. వాక్యాలు వాటంతటవే వచ్చాయి. గాయకుడు పాడుతున్నంతసేపూ ఎవరో ఆయన కాలు తొక్కి నిలబడ్డట్టుందని, ఆ కాలు తీయమని చెప్పే స్నేహితుడు ఆయనకు లేడని రాశాడు. గిటార్‌కి ఆరు తీగలు అనవసరం, మూడు ఉంచుకుని మిగతావి బట్టలారేసుకోవడానికి ఎవరికైనా ఇవ్వొచ్చని రాశాడు. డ్రమ్మర్ మంచి లిఫ్టు మెకానిక్ అని విన్నామని, పైకి పోవాల్సినవి కిందికి ఎలా దిగుతాయో ఈ ఆల్బమ్‌తో చూపించాడని రాశాడు. ఇంకా ఒక పేరా మిగిలింది. దాన్ని చివరి పాటకు కేటాయించాడు.

"ఈ పాట మొదట్లో ఒక టకటక వినిపిస్తుంది. పాడైన కుట్టుమిషనో, కొనఊపిరితో ఉన్న ఎలుకో తేల్చుకోవడం కష్టం. ఏదైతేనేం, అందులో జీవం లేదు. ఇంత నీరసమైనది పుట్టకపోతేనే అందరికీ మేలు."

చివరి వాక్యం రాశాక రెండుసార్లు చదువుకున్నాడు. ఎంతో కాలానికి మంచి వాక్యం పడిందనుకున్నాడు.

ఆదివారం పొద్దున భార్య వంటింటి బల్ల దగ్గర కూర్చుని పేపరు చదివింది. ఆమె నిదానంగా చదివే మనిషి. అతను ఎదురుగా టీ తాగుతూ, ఎక్కడ నవ్వొస్తుందో ఎక్కడ కోపమొస్తుందో ఆమె మొహంలో వెతుకుతున్నాడు. రెండూ రాలేదు. పేపరు మడిచిపెట్టింది. బల్ల అంచు పట్టుకుని లేచి, హాల్లోంచి ఆల్బమ్ కవరు తెచ్చి, వెనక వైపు అడుగున చీమతలంత అక్షరాలతో ఉన్న పంక్తి మీద వేలు పెట్టింది.

చివరి పాటకు తాళం: మా అక్క కడుపులోని బిడ్డ, ఎనిమిదో నెల.

అక్షరం తలకట్టు జారినా పట్టుకునే మనిషి, ఆ పంక్తిని వారం రోజులు ఇంట్లో పెట్టుకుని చదవలేదు. ఎనిమిదో నెలలో స్కానింగ్‌కి అతను రాలేనంటే తమ్ముడే కంపెనీ బండిలో తీసుకెళ్లాడు. డాక్టరు గుండె చప్పుడు వినిపిస్తుంటే ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. ఆ చప్పుడు మీదే పాట కట్టారు. భార్యాభర్తలు కలిసి విన్నప్పుడు చెబుదామని అక్కాతమ్ముళ్లు దాచిపెట్టారు. ఇదంతా ఆమె పాఠం చెప్పినట్టు వరసగా చెప్పింది.

"నాకు తెలీదు," అన్నాడు అతను.

"తెలీదని నాకూ తెలుసు. ఒక్కటి చెప్పు. నిజంగానే బాగాలేదా?"

అబద్ధమాడితే సరిపోయేది. ఆడలేకపోయాడు.

"బాగుంది."

"మరెందుకు అలా రాశావు?"

అతను కప్పు పక్కకు జరిపాడు. "వాళ్లు నన్ను తీసేశారు," అన్నాడు.

ఆమె ఆల్బమ్ కవరు చేతిలోకి తీసుకుంది. చిన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మంగళవారం మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ప్రసూతి వార్డులోకి ఒక్కరినే రానిస్తారు. ఎవరు వస్తారని నర్సు అడిగితే, అమ్మ వస్తుందని భార్య చెప్పింది. అతను పక్కనే నిలబడి ఉన్నాడు. అత్తగారు చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయింది. అతను నడవాలో, ఒక కాలు విరిగిన ఇనుప బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి బావమరిది పని బట్టలతోనే వచ్చి అదే బెంచీకి రెండో కొసన కూర్చున్నాడు. చేతుల నిండా గ్రీజు. ఆసుపత్రి సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు.

క్షమించమని అడగాలని అతను మూడుసార్లు నోరు తెరిచాడు. మూడోసారి బావమరిదే అందుకున్నాడు.

"బావా, నిన్ను తీసేయమన్నది మేం కాదు."

అతను తల తిప్పి చూశాడు.

"అక్క. అప్పటికి మీకింకా పెళ్లి కాలేదు. నీకు తాళం అందదు, స్టేజీ మీద జనం నవ్వుతారు, నేను చూడలేను, మెల్లిగా తప్పించండి అంది. నీకు ఎప్పటికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది." బావమరిది తన అరచేతులు చూసుకున్నాడు. "ఏడేళ్లు చెప్పలేదు. ఇవాళ చెప్పాలనిపించింది."

కత్తెర నొచ్చుకోవాలనే బావమరిది చెప్పాడు. నొచ్చుకున్నాడో లేదోనని మొహంలోకి చూశాడు కూడా. చూసి, తృప్తిగా వెనక్కి ఆనుకున్నాడు.

అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. డెస్కు ఇంచార్జి మంచి హుషారుగా ఉన్నాడు. కత్తెరా, ఇన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదు, ఎలుక మాట అయితే ఊరంతా చెప్పుకుంటున్నారు, అన్నాడు. అతను లేచి నడవా చివర కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఫోన్ పెట్టేయొచ్చు, పెట్టేయలేదు. ఇంచార్జి ఒక్కో వాక్యం చదివి నవ్వుతున్నాడు. పేపరు యజమాని కూడా చదివి మెచ్చుకున్నాడట, కాలమ్ పేజీ మొత్తం ఇస్తారట. అంత బాధలోనూ అతని పెదాలు విచ్చుకున్నాయి. అది అతని చేతిలో లేదు.

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి నర్సు అత్తగారితో బయట నిలబడి ఉంది. పాపను బావమరిది చేతుల్లో పెట్టేసింది. తండ్రి ఎవరని అడిగిందట, కిటికీ వైపు చూసి, ఆయన ఫోన్లో మాట్లాడుతున్నాడని అత్తగారు చెప్పిందట. అతను ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే దగ్గరికి వచ్చాడు. అత్తగారు ఆ నవ్వును చూసి, పాపను చూసి నవ్వుతున్నాడనుకుంది. బావమరిది మాత్రం అలా అనుకోలేదు.

తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు. భార్య రెండు నెలలు పుట్టింట్లో ఉండి తిరిగొచ్చింది. పాప పేరు అక్కడే పెట్టారు. అతన్ని అడగలేదు. అతనికి నచ్చింది కానీ ఆ మాట చెప్పే సందర్భం దొరకలేదు. బ్యాండు ఇంకో రెండు చోట్ల వాయించింది. రెండో చోట ముందు వరసలో కూర్చున్న కుర్రాళ్లు ఎలుకలా కిచకిచమన్నారు. గాయకుడు మధ్యలో దిగిపోయాడు. గోదాం తాళం ఓనరుకి ఇచ్చేశారు.

ఒక బుధవారం కత్తెర అదే ఆల్బమ్ మీద ఇంకో సమీక్ష రాశాడు. ఈసారి విన్నది విన్నట్టు. ఏ పాటలో ఏం బాగుందో, ఎందుకు బాగుందో, బేస్ గురించి కూడా. తన మొదటి సమీక్ష అసూయతో రాసిందని ఒక వాక్యం పెట్టాడు. దాన్ని ఇంచార్జి బల్ల మీద పెట్టి ఎదురుగా నిలబడ్డాడు. ఇంచార్జి కళ్లజోడు పైకి తోసుకుని ఆసాంతం చదివాడు.

"ఇందులో చదవడానికేముంది?" అన్నాడు.

"నిజం ఉంది."

"అది సరే. మరి వచ్చే వారానికి ఏం రాస్తున్నావు?"

ఇప్పుడు కాలమ్‌కి పేజీ నిండా చోటుంది. బల్ల మీద నాలుగు కొత్త ఆల్బమ్‌లు ఉన్నాయి. పైన ఉన్నదాని మీద ఎవరో ఇరవై ఏళ్లమ్మాయి, మొదటిసారి పాడినట్టుంది, కెమెరా వంక భయంభయంగా చూస్తోంది. అతను దాన్ని తీసుకుని తన సీటుకి వెళ్లాడు.