దొరగారి ‘ఆ-ఆ’కి డుంబ్రిగుడలో అర్థం

1926 చైత్రంలో నేను డుంబ్రిగుడ క్యాంపులో ఒక సర్వే దొరకి మున్షీగా ఉన్నాను. మున్షీ అంటే దొరలకి మన భాష నేర్పి, సర్కారు పెట్టే పరీక్ష గట్టెక్కించేవాడు. పాసైతే అది దొర తెలివి, తప్పితే మున్షీ తెలివితక్కువ. మా దొర అప్పటికి రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే ఆయన ఉద్యోగం ఊడుతుంది, దానివెంట నాదీ ఊడుతుంది.

ఆయన మొద్దేమీ కాదు. ఇక్కడికి రాకముందు ఏడేళ్లు పడమటి ఆఫ్రికాలో పనిచేసి, అక్కడి హౌసా భాష నేర్చుకున్నాడు. అదే చిక్కు. నా తెలుగు వెళ్లి కూర్చుందామంటే ఆయన బుర్రలో హౌసా అప్పటికే కాళ్లు బారజాపుకుని ఉంది. శత్రువు బలం తెలియకుండా యుద్ధమేమిటని, ఆయన హౌసా గ్రామరు పుస్తకం అడిగి తీసుకుని నేనూ చదవడం మొదలుపెట్టాను. శృంగవరపుకోట పక్క పల్లెలో పుట్టిన రైతుబిడ్డని, అరకు కొండల్లో టెంటు ముందు కూర్చుని హౌసా వల్లెవేస్తుంటే, వంటవాడు నాకేదో గాలి సోకిందని వేపమండ పట్టుకొచ్చాడు.

హౌసా వాళ్లు ఎదురుపడితే ‘నీ అలసట ఎలా ఉంది?’ అని అడుగుతారట. నాకా పలకరింపు భలే నచ్చింది. దొర దాన్ని తెలుగులోకి దింపి దారినపోయే ప్రతివాణ్ణీ అడిగేవాడు. పరీక్షకి గ్రాంథికం కావాలి కనక నేను నేర్పింది గ్రాంథికమే. “నీ అలసట ఎట్లున్నది?” అని ఆయనంటే, కట్టెలమోపు దింపి మరీ చెప్పుకునేవారు జనం. కొండమీదికొచ్చిన ఏ అధికారీ అంతవరకూ వాళ్లని ఆ మాట అడగలేదు.

అసలు గొడవ ‘కాదు’తో వచ్చింది. హౌసాలో ఔననడానికి ‘ఈ’ అంటారు, కాదనడానికి ‘ఆ-ఆ’ అంటారు. ఆ ఒక్క మాటా అన్నిటికీ చెల్లుతుంది. మనకేమో కాదు, లేదు, వద్దు.

“నిరాకరించుటకు మూడు మాటలేల, మున్షీ?” అని దొర వాపోయేవాడు.

ఆ మూడింట్లో ఏది వాడాలో తేల్చుకునేలోగా ఆయన నాలుక మీదికి ‘ఆ-ఆ’ వచ్చేసేది. నూరుసార్లు దిద్దాను. పాఠంలో తప్పనుకున్నానే గాని, ఆ మాట ఊళ్లో పడితే ఏమవుతుందో నాకు తట్టలేదు.

విశాఖపట్నంలో పరీక్షకి ఇంక నాలుగు రోజులుంది. కొండ దిగడానికే మూడు మజిలీలు, అంటే మూడు రోజులు పడుతుంది. మర్నాడు సామాను మొయ్యడానికి పదిమందిని పంపమని ఊరిపెద్ద నాయుడికి కబురుపెట్టాం. సాయంత్రం నేను గెడ్డవాగులో పంచె ఉతుక్కుని వచ్చేసరికి దొర ముఖం వెలిగిపోతోంది.

“మున్షీ! నీవు లేకుండగనే సంభాషించితిని. నాయుడు రేపు కూలీలకు సెలవు అడిగెను. నేను నిరాకరించితిని. అతడు సంతోషముతో దండము పెట్టి పోయెను.”

కాదనిపించుకుని సంతోషంగా వెళ్లిన నాయుణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు. అప్పుడే అనుమానం రావాలి. రాలేదు సరికదా, “సెబాష్” అన్నాను.

మర్నాడు కూలీ అన్నవాడు రాలేదు. దొర కందగడ్డలా అయిపోయి నన్ను వెంటబెట్టుకుని ఊళ్లోకి నడిచాడు. ఊళ్లో మగపురుగు లేదు. అది చైత్ర పండగ. మగవాళ్లంతా వేటకి పోతారు. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. మేమిద్దరం ఉత్తచేతులతోనే వెళ్లాం. ఒక ముసలమ్మ కుండ ఎత్తి, దొరని చూసి ఆగి, నావైపు తిరిగింది.

“మున్సీబాబూ, దొరగారి వొంతు కూడా నీమీదే ఏసెత్తన్నాం. ఏటీ అనుకోకు.”

రెండు కుండలు పడ్డాయి.

సాయంత్రానికి నాయుడూ జనమూ అడవిపందిని మోసుకుని దిగారు. దొర కుర్చీ వేయించుకుని వాళ్లకోసమే కాచుకున్నాడు.

“ఆజ్ఞ మీరితివి! నిన్ను తొలగించెదను! కచేరికి పంపెదను!”

నాయుడు తలపాగా తీసి చేతబట్టుకున్నాడు. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఉన్న పెద్దరికం అది.

“ఇదేటి బాబూ! ‘రేపొక్కరోజు మా వోళ్లనొగ్గేత్తారా’ అనడిగితే తవరే గదా ఆఁ, ఆఁ అన్నారు. ఒకపాలి కాదు, రెండుపాల్లు. ఊరంతా ఇన్నాది.”

గొడవెక్కడుందో నాకప్పుడు తెలిసింది. నోరు మూసుకుంటే నాయుడి పదవి పోతుంది. నోరు విప్పితే ఊరందరి ముందూ తప్పు దొరదని తేలుతుంది, నా నౌకరీ అక్కడితో సరి. భయమేసింది, నిజమే. కాని ఒంటికి రెండు కుండల పేడ పట్టినవాడికి ఇంక పోయే పరువేముంది? ముందుకొచ్చి చెప్పాను.

“అయ్యా, మీ హౌసాలో ఆ-ఆ అంటే కాదు. ఇక్కడ ఆఁ అంటే ఔను. తమరు సెలవిచ్చేశారు.”

దొర కుర్చీలోంచి లేచాడు. తల అడ్డంగా ఊపుతూ, రెండు చేతులూ ఆడిస్తూ అరిచాడు.

“ఆ-ఆ! ఆ-ఆ!”

“అదిగో! మళ్లీ అన్నారు!” అని ఊరు ఊరంతా ఒక్కసారి కేకేసింది.

దొర చప్పున నోరు మూసుకున్నాడు. నావంక చూశాడు, నాయుడివంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వుతోనే కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు తుడుచుకుని అడిగాడు.

“నాయుడూ, నీ అలసట ఎట్లున్నది?”

“ఏటి సెప్పమంటారు బాబూ! ఇయ్యాల పందిని మోసేం, రేపు తవర్ని మొయ్యాల.”

అన్నట్టే మూడు మజిలీల దారి రెండింట్లో దింపారు. పరీక్షలో ఆఖరుది ఓరల్, అంటే ఎదురుగా కూచోబెట్టి మాట్లాడించేది. “తెలుగు సులభమా?” అని పరీక్షాధికారి అడిగితే మా దొర నాలుక కరుచుకుని, ఏది తప్పో ఏది ఒప్పో ఎందుకొచ్చిన గొడవని, “కాదు, లేదు, వద్దు” అని మూడూ అప్పగించాడట. పాసయ్యాడు.

దిగేదారిలో టైడా దగ్గర బరువులు దింపుకున్నప్పుడు నాయుణ్ణి పక్కకి పిలిచి అడిగాను.

“మొన్న నువ్వు సెలవడిగితే దొర ఆ-ఆ అన్నప్పుడు తల అడ్డంగా ఊపలేదూ?”

“ఊపేరు బాబూ.”

“మరి కాదంటున్నారని తెలీలేదా?”

నాయుడు తాపీగా చుట్ట ముట్టించాడు.

“తలకాయ సూసి తెలుసుకునేకాడికి మజ్జిన మున్సీ ఎందుకు బాబూ?”

ఆ తర్వాత ఇరవై ఏళ్లు మున్షీగిరీ చేశాను. వచ్చిన ప్రతి దొరకీ దండాలూ నమస్కారాలకంటే ముందు కాదనడం నేర్పాను. ఊరి నాయుడు క్యాంపుకి వస్తున్నాడంటే మాత్రం, ఎంత మాసిపోయినా సరే, పంచె ఉతకడం మర్నాటికి వాయిదా వేసుకున్నాను.