ముడుపుతో పందెం

మా ఆయన పందేలు మానాలని వెంకన్నకు కట్టుకున్న ముడుపును ఈ ఉదయం ఎవరో విప్పేశారు. ఈ పరాయి దేశంలో, యూ టీ అనే పేటలోని మా ఫ్లాట్‌లో ఉండేది మేమిద్దరమే. దేవుడి అలమరలో పసుపు గుడ్డ ఉంది, డాలర్లు లేవు. ఆయన కంప్యూటర్ ముందు గుర్రాల పేర్లు చూస్తున్నారు. ఒక పేరు పక్కన 20/1 అని ఉంది.

“అంటే ఏంటండీ?” అన్నాను.

“డాలరు పెడితే ఇరవై లాభం. పెట్టిందీ తిరిగొస్తుంది.”

“అంత ఎందుకిస్తారు?”

“అది గెలుస్తుందని ఎవరికీ నమ్మకం లేదు కాబట్టి. ఇరవైసార్లు ఓడితే ఒక్కసారి గెలుస్తుందని లెక్క.”

“మరి మీరెందుకు పెట్టారు?”

“స్వామి డబ్బే, ఓడిపోదులే.”

మధ్యాహ్నానికి ఓడిపోయింది. పదో తరగతితో ఆగిపోయిన నాకే ఆ లెక్క అర్థమైంది. సాయంత్రం దీపం పెట్టాను గానీ, కొత్త ముడుపు కట్టడానికి చేతులు రాలేదు. మీరైతే మళ్లీ కడతారా?